బాలమణి చెప్పింది, నేను రాసింది

మా పోస్టాఫీసులో కొత్తగా చేరిన శ్రావణి అనే అమ్మాయి మొన్న మా ఇంటికి వచ్చింది. చాయ్ తాగుతూ, "పొద్దంతా పార్సిళ్లే మోస్తున్న తాతా. మీ కాలంల గూడ గింతేనా?" అని అడిగింది. గింతే కాదమ్మా అన్నాను గాని, చాయ్ అయ్యేలోపు చెప్పగలిగే సంగతి కాదు. అందుకే రాస్తున్నాను. ఏ సంవత్సరం చేరాను, ఏ గ్రేడు ఎప్పుడొచ్చింది అన్నవన్నీ నా పెన్షను కాగితాల్లో ఉన్నాయి. వాటితో ఎవరికీ పని లేదు.

ఇచ్చిన ఉత్తరం మళ్లీ నా చేతికే

నా పేరు యాకూబ్. ఎనభైల్లోనూ తొంభైల్లోనూ కల్వకుర్తి చుట్టుపక్కల ఊళ్లకు పోస్ట్‌మన్‌గా తిరిగాను. పొద్దున బస్సులో సంచి వచ్చేది. విప్పి, ముద్రలు కొట్టి, ఊళ్ల వారీగా వేరుచేసి, సైకిలెక్కితే ఆరు ఊళ్లు. దారి నిండా తుమ్మ ముళ్లు. ట్యూబుకు పంచర్లు వెయ్యడంలో నాకున్న అనుభవం ఏ సైకిల్ షాపువాడికీ లేదని ఇప్పటికీ పందెం కడతాను.

పోస్ట్‌మన్ పని అంటే ఉత్తరాలు పంచడమని నాకు చెప్పారు. అబద్ధమేమీ కాదు. కాకపోతే ఆ ఊళ్లల్లో చదువు వచ్చినవాళ్లు తక్కువ. నేనిచ్చిన ఉత్తరం అప్పటికప్పుడే తిరిగి నా చేతికి వచ్చేది. "జర సదువు సాయిబూ" అనేవాళ్లు. చదివితే సరిపోదు, జవాబు కూడా నేనే రాయాలి. కార్డులు, ఇన్‌లాండు కవర్లు నా సంచిలోనే ఉండేవి. ఊళ్లో దర్జీ దుకాణం అరుగో, కిరాణా కొట్టు ముందున్న బండో నా ఆఫీసు. ఇది ఏ రూలు పుస్తకంలోనూ లేదు. రోజులో సగం మాత్రం దీనికే పోయేది.

చదవడంలో ఒక సంగతి నేర్చుకున్నాను. గట్టిగా చదివే ముందు మనసులో ఒకసారి చదువుకోవాలి, అదీ మొహం మారకుండా. ఎదురుగా కూర్చున్న ముసలమ్మకు అక్షరాలు రావు గాని, మన మొహం చదవడం బాగా వచ్చు.

చావు కబురు రాసిన కార్డుకు మూల చింపి పంపేవాళ్లు. ఆ కార్డు ఇంట్లోకి తీసుకుపోరు. వాకిట్లోనే చదివించుకుని, అక్కడే చింపేసి, స్నానాలు చేస్తారు. ఒకరోజు నేను చాయ్ తాగుతుండగా మేక ఒకటి సైకిలు మీద ఉన్న సంచిలో మూతి పెట్టింది. అదిలించి తోలేశాను. ఏం కొరికిందో చూసుకోలేదు. రెండో వీధిలో పోచమ్మ అవ్వకు కార్డు ఇవ్వగానే ఆమె దాని మూల చూసి నేల మీద పడిపోయి, "ఓ బిడ్డా" అని శోకం మొదలుపెట్టింది. చుట్టుపక్కల ఆడవాళ్లంతా చేరి గొంతు కలిపారు. ఇంతకూ కార్డులో ఉన్నది ఆమె కూతురికి మగపిల్లాడు పుట్టాడన్న కబురు. నేను ఎంత అరిచినా ఆ ఏడుపులో ఎవరికీ వినపడలేదు. సంగతి తెలిశాక అవ్వ నన్ను తిట్టిన తిట్లు మూడు తరాల దాకా సరిపోతాయి, తర్వాత బెల్లం ముక్క కూడా పెట్టింది. ఆ రోజు నుంచి మూల నలిగిన కార్డు ఉంటే, చేతికిచ్చే ముందే "ఇది నా తప్పు, భయపడొద్దు" అని చెప్పేవాణ్ని.

రావు సారు మెచ్చుకున్న తెలుగు

నేను చేరినప్పుడు మా పోస్ట్‌మాస్టర్ రావు సారు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చారు. పనిలో గడియారం. ఉత్తరం ఒక్కరోజు ఆగినా ఆయనకు అన్నం సయించేది కాదు. ఆ పట్టుదల ఆయన దగ్గరే నేర్చుకున్నాను, ఇప్పటికీ దండం పెడతాను.

కాని ఆయనకు మా మాట నచ్చేది కాదు. ఒకసారి నేను ఎవరికో రాసిపెట్టిన ఇన్‌లాండు చూసి, "యాకూబ్, ఎంత చక్కటి తెలుగయ్యా నీది! వీళ్లు మాట్లాడే మోటు భాష దీంట్లో ఒక్క ముక్క లేదు. ఉత్తరమంటే ఇట్లా మర్యాదగా ఉండాలి" అన్నారు.

ఆ మాటకు నేను వారం రోజులు నేల మీద నడవలేదు. బళ్లో నాకు తెలుగులో మొదటి మార్కు వచ్చేది. తురకోని కొడుక్కి ఇంత తెలుగు ఎట్లా వచ్చిందని పంతులు అందరి ముందూ నిలబెట్టి అడిగేవాడు. అది మెప్పో, ఎత్తిపొడుపో అప్పట్లో తెలియలేదు గాని, ఆ రోజు నుంచి నా తెలుగు అంటే నాకు మహా గర్వం. దానికి రావు సారు మెప్పు తోడైంది. ఇక ఎవరు వచ్చి ఏం చెప్పినా నా ఉత్తరం ఒకే తీరుగా మొదలయ్యేది.

బాలమణి సంగతే చెబుతాను. గొర్రెలు, మేకలు కాసుకునే ఇంటి కోడలు. రెండేళ్లు వానల్లేక మంద సగానికి సగం అమ్మేశారు. ఆమె భర్త జంగయ్య, కూలీలను తీసుకుపోయే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, మహారాష్ట్రలో ఎక్కడో కాలువ తవ్వే పనికి పోయాడు. తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా అక్కడే. ఇక్కడ బాలమణి, అత్త, ఇద్దరు పిల్లలు, మిగిలిన మేకలు. నెలకొకసారి ఆమె దర్జీ అరుగు దగ్గరికి వచ్చి కూర్చునేది.

"సాయిబు మామా, గిట్ల రాయి. నల్లమేక ఈనింది. రెండు పిల్లలు. ఒకటి అచ్చం నీ తీరే మొండిది, పాలు తాగమంటే తలకాయ తిప్పుతది. ఎప్పుడొస్తవ్?"

నేను రాసేది ఇట్లా ఉండేది: "మహారాజశ్రీ భర్తగారి పాదపద్మములకు మీ అర్ధాంగి బాలమణి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇచ్చట మేమంతా క్షేమము. మీ క్షేమ సమాచారములు తెలుపగలరు. మన మేక ప్రసవించినది."

చదివి వినిపిస్తే బాలమణి కళ్లు పెద్దవి చేసుకుని వినేది. "మంచిగున్నది మామా. పెద్దోళ్ల లెక్క ఉన్నది" అనేది. పాదపద్మములంటే ఏమిటో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

అక్కడ జంగయ్యకూ చదువు రాదు. మేస్త్రీ చదివి వినిపించేవాడు, జవాబు మేస్త్రీయే రాసేవాడు. అతనూ నా బాపతే. "శుభాశీస్సులు, ఇచ్చట నేను క్షేమము." ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. ఏడాదిపాటు నేనూ, ముక్కూ మొహం తెలియని ఆ మేస్త్రీ ఒకరి క్షేమం ఒకరం కనుక్కున్నాం. ఆ మొగుడూ పెళ్లాలు మాట్లాడుకున్నది ఏమీ లేదు.

జాలిపడి ఆడిన అబద్ధం

అదే కాలువ పనికి పక్క ఊరి నుంచి కూడా ఒకతను పోయాడు. అతను పోయిన ఆరు నెలలకు భార్య అత్తతో పడక పుట్టింటికి వెళ్లిపోయింది. మళ్లీ రానని కబురు కూడా పంపింది. ఆ ముసలి తల్లి నా దగ్గర కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకుంది.

"పోయిందని రాయకు సాయిబూ. ఒక్కడే ఉన్నడు. గీ సంగతి ఇంటే పని ఇడిసి ఏమన్న జేసుకుంటడు. ఇంట్లనే ఉన్నదని రాయి."

నాకు జాలేసింది. కోడలి పేరుతోనే రాశాను. పాదపద్మములకు, నమస్కరించి, మేమంతా క్షేమము. ఒకసారి కాదు, నాలుగుసార్లు రాశాను. ఆ కొడుకు పండక్కి ఇంటికి వచ్చి ఖాళీ ఇల్లు చూసుకుని, మూడో రోజే తిరిగి పనికి వెళ్లిపోయాడని తర్వాత విన్నాను. పోతూ నన్ను కలవలేదు.

ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లకు ఒకటే చెబుతాను. జాలిపడి చెప్పే అబద్ధం చెప్పేవాడికే హాయిగా ఉంటుంది. చెడు కబురు మెల్లగా చెప్పు, కూర్చోబెట్టి చెప్పు, మంచినీళ్లిచ్చి చెప్పు. మార్చి మాత్రం చెప్పకు.

మాట ఆగిపోయింది

ఆ తర్వాత జంగయ్య దగ్గర నుంచి జవాబులు ఆగిపోయాయి. ఒక నెల చూశాం. రెండో నెల నేను ఇంకొక ఉత్తరం రాశాను, మరింత మంచి తెలుగులో. నాలుగు నెలలైంది. నా సైకిలు బెల్లు వినపడితే బాలమణి చేతిలో పని చేతిలోనే ఉంచి వాకిట్లోకి వచ్చేది. నేను తల అడ్డంగా ఊపేవాణ్ని. కొన్నాళ్లకు ఆ వీధిలోకి పోవడమే నాకు బరువైపోయింది. చుట్టుతిరిగి పోయిన రోజులూ ఉన్నాయి, దాచడం దేనికి.

ఊరు ఊరుకుంటుందా! అక్కడ ఇంకొకదాన్ని పెట్టుకున్నాడన్నారు. బాలమణి అన్న వచ్చి అరుగు మీద అందరూ వింటుండగానే, బతుకమ్మ పండుగ మొదలయ్యే పెత్రమాస అమావాస్యను గడువు పెట్టి చెప్పాడు.

"పెత్రమాస దాక జూస్త. గప్పటికి ఆని సంగతి తెలువకుంటే నిన్నూ పిల్లలనూ తీస్కపోత. బతుకమ్మ మా ఇంట్లనే ఆడుకుందువు. మల్ల తోలియ్య. నలుగుర్ల కూసోబెట్టి తెగదెంపులు జేసుకుంటం."

మర్నాడు బాలమణి వచ్చింది. ఇన్‌లాండు తీసి, కలం మూత తీసి, అలవాటుగా "మహారాజశ్రీ" అని మొదలుపెట్టాను.

"ఏం రాస్తున్నవ్ మామా?"

చదివి వినిపించాను.

"నేనింకా నోరే తెరువలే గదా! గది ఎవలు చెప్పిండ్రు?"

"మర్యాద బిడ్డా. ఉత్తరానికి ముందు ఉంటది."

"నీ మర్యాద నీ దగ్గర పెట్టుకో. ఏడాది సంది నేనొకటి చెప్తే నువ్వొకటి రాస్తున్నవ్. ఇయ్యాల నా సంసారం పోతాంది. ఒక్కసారన్న నేను చెప్పింది చెప్పినట్టు రాయి."

దర్జీ మిషను తొక్కడం ఆపి మావైపు చూశాడు. నా చెవులు వేడెక్కాయి. అంతమందిలో నా తెలుగును పనికిరాదన్నది ఆమె ఒక్కతే. లేచి వెళ్లిపోదామన్నంత కోపం వచ్చింది. కాని ఆమె మొహం చూస్తే కూర్చోక తప్పలేదు. ఆ కాగితం చింపి ఇంకొకటి తీశాను. ఆమె చెబుతూ పోయింది, నేను రాస్తూ పోయాను. అందులో చాలా భాగం నాకు ఇప్పటికీ గుర్తుంది.

"పెద్దోని బాపూ, నేను బాలమణిని. బతికే ఉన్న. ఇంట్లనే ఉన్న. నీ నోరు పడిపోయిందా? నల్లమేక ఈనిందని చెప్పిన గదా, గా మొండి పిల్ల ఇప్పుడు తల్లిని గూడ పొడుస్తది. పెద్దోడు నీ పాత చెప్పులేసుకొని వాకిట్ల తిరుగుతుండు, ఇడువుమంటే ఇడుస్తలేడు. అత్తకు మోకాళ్లు గుంజుతున్నయ్. రోజు నన్ను తిడ్తది, నేను గూడ తిడ్త, మల్ల ఇద్దరం కలిసే తింటం. మా అన్న పెత్రమాస దాక జూస్తడట. నేను పోనన్న. ఎన్ని దినాలు అనాలె? నువ్వు ఇంకోదాన్ని జూస్కున్నవంటున్నరు. జూస్కుంటే నాకే చెప్పు, ఊరోళ్లతోని వినబెట్టకు. మన పెండ్లయిన కొత్తల గుట్ట మీద వానొస్తే రాయి సందుల కూసున్నం. గప్పుడు నువ్వొక మాటన్నవ్. గది ఈడ చెప్ప. చెప్తే సాయిబు మామ రాస్తడు, మేస్త్రీ సదువుతడు, నలుగురు నవ్వుతరు. నీకు యాదికుంటే సాలు. యాదికి లేకుంటే రాకు."

అయిపోయాక చదివి వినిపించమనలేదు. "అతికియ్యి" అని లేచి వెళ్లిపోయింది. జీవితంలో మొదటిసారి ఒక ఉత్తరం రాశానని నాకు అనిపించింది. అది నా గొప్ప కాదని కూడా తెలుస్తూనే ఉంది.

సైకిలు వెనక జంగయ్య

పెత్రమాస ఇంకా రెండు రోజులుందనగా, పొద్దున ముద్రలు కొడుతుంటే కిటికీ దగ్గర ఒక మనిషి నిలబడ్డాడు. గడ్డం పెరిగి ఉంది, భుజాన మూట. చేతిలో నా ఇన్‌లాండు.

"సాయిబు మామా, బాలమణి ఇంట్లనే ఉన్నదా?"

బస్సు దిగి ఇంటికి పోవడానికి ధైర్యం చాలక ముందు నా దగ్గరికి వచ్చాడు. ఉన్నదని చెప్పాను. అతను అక్కడే గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. మంచినీళ్లిచ్చి, ఇన్నాళ్లూ ఉలుకూ పలుకూ లేకుండా ఎందుకున్నావని గట్టిగానే అడిగాను.

"మామా, షెడ్డుల అందరి ఉత్తరాలు మేస్త్రీ అందరి ముంగటనే సదువుతడు. ఎవలికొచ్చినా గదే మాట. పాదపద్మాలు, క్షేమం. అందరి పెండ్లాలు ఒక్క తీరే మాట్లాడుతరని నవ్వుకుంటుంటిమి. గా పక్కూరాయిన లేడా, పండుగకు ఇంటికి పోయిండు. పెండ్లాం పోయి ఆర్నెల్లయితుందట. ఉత్తరాలు మాత్రం ఆమె పేరు మీదనే, గదే పాదపద్మాలు! గప్పుడు నా గుండె జారింది. నా పెండ్లాం గూడ పోయిందేమో, మా అమ్మ రాయిస్తుందేమో అనుకున్న. మేక ఈనిందంటే మా అమ్మ గూడ చెప్తది గదా. గంతమంది ముంగట నా పెండ్లాం ఉన్నదా అని ఎట్ల రాయించాలె మామా? ఇజ్జత్ పోదా? గందుకే సప్పుడు జేయలే."

నా చేతిలో ముద్ర అట్లాగే ఉండిపోయింది. ఆ పాదపద్మాలు నావి. పక్క ఊరి అబద్ధం నాది. రెండూ కలిసి ఒక ఇంటి మనిషిని నాలుగు నెలలు మూగవాణ్ని చేశాయి. ఎవరూ నన్ను తప్పుపట్టలేదు, జంగయ్య కూడా పట్టలేదు. అందువల్లే ఆ సిగ్గు ఇప్పటిదాకా పోలేదు.

"మరి గీ ఉత్తరం నమ్మినవా?" అన్నాను.

అతను మొదటిసారి నవ్వాడు. "మేస్త్రీ సదువుతుంటే ఆని గొంతుల గూడ బాలమణే తిట్టింది మామా. మా అన్నకు పాణం బాగలేదని మేస్త్రీకి అబద్ధం చెప్పి వచ్చిన."

సైకిలు వెనక ఎక్కించుకుని తీసుకుపోయాను. బాలమణి దొడ్డి ఊడుస్తోంది. మమ్మల్ని చూసి చీపురు కింద పెట్టింది. ఏడుస్తుందనుకున్నాను. "కాళ్లు కడుక్కో. బువ్వ ఉన్నది" అని మాత్రం అని లోపలికి వెళ్లింది. బిందెలో నీళ్లు ముంచుతుంటే చెంబు అంచుకు తగిలి టకటకా చప్పుడైంది. పెద్ద కొడుకు చెప్పులు విప్పి తండ్రి ముందు పెట్టాడు. నేను సైకిలు తిప్పుకుని వచ్చేశాను. దారిలో నాకు కళ్లనీళ్లు వచ్చాయి, సంతోషంతోనే.

అప్పటి నుంచి ఎవరు చెప్పింది వాళ్ల మాటలోనే రాశాను. రావు సారు ఒకసారి చూసి మొహం చిట్లించారు. సంగతంతా చెప్పాను. "సరే, చిరునామా మాత్రం శుభ్రంగా రాయి" అన్నారు. ఆయన నోట ఒప్పుకోలు అంతకంటే రాదు.

టెలిఫోను బూత్

తొంభైల్లో కల్వకుర్తిలో ఎస్టీడీ బూత్‌లు వచ్చాయి. సంచి తేలికవుతూ వచ్చింది. ముందు క్షేమ సమాచారాలు పోయాయి, తర్వాత పెళ్లి కబుర్లు, ఆఖరికి మూల చింపిన కార్డులు కూడా. ఉత్తరాలు పోతున్నాయని బాధపడలేదా అని చాలామంది అడుగుతారు. పెద్దగా పడలేదు. నేను ఏళ్లతరబడి పాడుచేసిన గొంతులు తీగ మీద ఉన్నవి ఉన్నట్టు పోతున్నాయి. దానికి ఏడవడం దేనికి?

ఇంటి దగ్గరున్న రోజుల్లో కొడుకు పుస్తకాలతో కూడబలుక్కుని చదవడం నేర్చుకున్న జంగయ్య మళ్లీ ఒక ఏడు పనికి పోయాడు. బాలమణి బూత్‌కు నడిచి వచ్చి మాట్లాడేది. ఒకరోజు అద్దాల గదిలోంచి బయటికి వచ్చి నన్ను చూసి ఆగింది.

"గడియారం జూసుకుంట మాట్లాడుడేంది మామా! ఉన్నవా, తిన్నవా అనుడే అయితాంది. లోపల మాట లోపలనే ఉన్నది."

"ఉత్తరం రాయాల్నా బిడ్డా?" అన్నాను.

"వద్దు" అంది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి వెళ్లిపోయింది. ఎందుకు వద్దందో నాకు అప్పుడు అర్థం కాలేదు. ఆ రోజుల్లో ఊళ్లల్లో పెద్దవాళ్లకు సాయంత్రం పూట చదువు చెప్పేవాళ్లు. ఆమె పలక పట్టుకుని పోతోందని విన్నాను గాని, మేకలను తోలుకొచ్చి, వంట చేసి, ఆ అలసటలో ఎన్నాళ్లు పోతుందిలే అనుకున్నాను.

ఆ చలికాలంలో ఒక మధ్యాహ్నం ఆ ఊరి ఎర్ర డబ్బా తెరిస్తే లోపల ఒక్కటే కార్డు ఉంది. చిరునామా వైపు పైకి ఉంది. ఒక్కో అక్షరం ఒక్కో సైజు. గీత కిందికి జారి, మళ్లీ పైకి ఎక్కింది. జంగయ్య పేరు, షెడ్డు, జిల్లా. మొగుడి పేరు నోటితో ఎన్నడూ పలకని మనిషి చేత్తో రాసింది. కింద ఒక మూల, పంపినవారు: బాలమణి.

అది మూసిన కవరు కాదు, కార్డు. తిప్పితే చాలు, మొత్తం కనపడుతుంది. అన్నేళ్లలో ఆ ఇంటి ఉత్తరం నేను వినకుండా, నేను రాయకుండా ఊరు దాటింది లేదు. తిప్పాలని చెయ్యి లాగింది కూడా. డబ్బాకు తాళం వేశాను. చిరునామా ఒక్కటి సరిచూసుకుని, వెనక ఏముందో చూడకుండా కార్డును సంచిలో వేసుకున్నాను.